కాలువగట్టు బాట

నేను సైకిలు నేర్చుకొన్నది కాలువగట్టుమీద. ఆలోచించి చూచినచో అంతకంటె తెలివితక్కువ చోటు మరియొకటి దొరకదు. ఒక ప్రక్క నిలువులోతు నీరు. రెండవ ప్రక్క, గట్టు దిగువను, నాట్లు వేసిన వరిచేను. పడినవానికి తడియుటయో బురద పూసికొనుటయో తప్పదు. ఆ సైకిలు మా పినతండ్రిగారిది. దాని సీటు నా భుజముల యెత్తున నుండెడిది. చట్రములోనుండి ఒక కాలు ఆవలికి దూర్చి, ఒడలంతయు వంకర చేసికొని త్రొక్కితిని. మొదటి వారములో రెండుమారులు కాలువలోను, ఒకమారు చేనిలోను పడితిని. కాలువలో పడినందుకు మా అమ్మ కోపపడలేదు; ఈత వచ్చిన పిల్లవాడు కాలువలో పడుట మా ఊర వింత కాదు. చేనిలో పడినందుకు మాత్రము ఆ చేనుగల ఆసామి మా ఇంటికి వచ్చి చీవాట్లు పెట్టి పోయెను.

ఇన్ని విధములుగా పడితినే కాని, మోటారుబండి క్రింద పడుదునేమో యను భయము ఆ దినములలో నాకు గాని మా అమ్మకు గాని కలుగలేదు. గట్టుమీదికి మోటారుబండి వచ్చెడిది కాదు. పాలబిందెలు తగిలించుకొన్నవారు, కొబ్బరికాయలు గుత్తులుగా కట్టుకొన్నవారు, నేతచీరల మూటలతో ఊరూరు తిరుగువారు, బడిపిల్లలు, వీరిదే ఆ త్రోవ. నేడు ఆ భయము గట్టువెంట బిడ్డను బడికి పంపు ప్రతి తల్లికిని కలదు. అది ఎందువలన వచ్చెను, దానిని పోగొట్టుటకు మార్గమున్నదా యని నేను కొంతకాలముగా ఆలోచించుచున్నాను. నా అభిప్రాయమును ముందుగానే చెప్పెదను. గోదావరి డెల్టాలోని పెద్ద కాలువలకు రెండేసి గట్లున్నవి. అందొక గట్టును గ్రావెలు పరచి, మోటారులను రానీయక, నడచువారికిని సైకిళ్లకును విడువవలెను. ఈ మాట విన్నవారిలో కొందరు నవ్విరి, కొందరు కోపపడిరి. నవ్వినవారి సంగతి అటుంచుదము. కోపపడినవారి మాటలలో న్యాయము కూడ నున్నది గనుక వానిని దాచక చెప్పెదను.

మొదట ఈ గట్లు ఎట్లు పుట్టినవో చూతము. ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టు పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసెను. ఆ పనిని నడపిన ఆర్థరు కాటను దొర కాలువలను నీటిపారుదలకు మాత్రమే ఉద్దేశింపలేదు. పంట పండించుట యెంత ముఖ్యమో, పండిన ధాన్యమును చౌకగా తరలించుటయు అంత ముఖ్యమనియు, అందులకు రైలుకంటె పడవ మేలనియు ఆయన చిరకాలము వాదించెను. అందుచేత పెద్ద కాలువలు పడవలు నడచుటకు తగినట్లుగా త్రవ్వబడినవి. నీటిమట్టము ఒక్కమారుగా దిగుచోట్ల లాకులు కట్టబడినవి. పడవను రెండు తలుపుల నడుమ నిలిపి, అచ్చటి నీటిని పెంచియో తగ్గించియో, మెట్టు ఎక్కించినట్లును దింపినట్లును చేయు కట్టడమే లాకు. ఆత్రేయపురము దాపుననున్న లొల్ల లాకులను చూచినవారికి నేను వర్ణింప నక్కరలేదు. చూడనివారు పూతరేకుల కొరకు ఆత్రేయపురము పోయినపుడు ఒక గడియసేపు అచ్చట నిలువవలెను.

గాలి అనుకూలించినపుడు పడవకు తెరచాప ఆధారము. అనుకూలింపనప్పుడు మనుష్యులే ఆధారము. పడవకు కట్టిన త్రాటిని భుజముమీద వేసికొని, ముందునకు వంగి, గట్టువెంట అడుగులో అడుగు వేయుచు లాగెడివారు. రాజమహేంద్రవరపు ప్రాంతమున బయలుదేరిన సరకు ఏలూరు కాలువమీదుగా బెజవాడకును, అచ్చటినుండి కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువలవెంట మదరాసునకును చేరెడిది. అనగా ఈ గట్లు పుట్టుకతోనే మనుష్యుని పాదముల కొలతకు ఏర్పడిన బాటలు. చక్రపు బండ్లు వానిమీదికి తరువాత వచ్చినవి.

1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీద రైలువంతెన తెరువబడెను. సరకు క్రమక్రమముగా రైలెక్కినది, పిమ్మట లారీ యెక్కినది, పడవలు సన్నగిల్లినవి. 2008లో ఈ కాలువలను నదులతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. కాని మా ఊరి వంతెనక్రిందికి సరకుపడవ వచ్చుట ఆ ప్రకటన తరువాత నేను చూడలేదు. పడవలు పోయినను గట్లు మిగిలినవి. పడవ లాగువారు విడిచిన బాటను సైకిలువారు అందుకొనిరి.

సైకిలునకు కాలువగట్టు తగినంతగా మరియొక దారి తగదు. కాలువను త్రవ్వు ఇంజనీరు నీరు తనంతట తాను మెల్లగా ప్రవహించునట్లు నేల వాలును వెదకి వెదకి త్రోవ యేర్పరచును. మైలుకు కొద్ది అంగుళములు మాత్రమే వాలుండును. నీటికి సుఖమైన ఆ వాలే సైకిలు త్రొక్కువాని మోకాళ్లకును సుఖము. లాకువద్దకు వచ్చినపుడు మాత్రమే గట్టు కొన్ని అడుగులు దిగును. అచ్చట కాళ్లకు విశ్రాంతి. ఇక గాలి సంగతి. వేసవిలో ఉదయమున గాలి నేలవైపునుండి సముద్రమువైపు వీచును. మధ్యాహ్నము దాటిన తరువాత సముద్రమునుండి పైరగాలి బయలుదేరును. పొద్దున్నే సముద్రమువైపు సాగి, పొద్దువాలిన పిమ్మట ఇంటిముఖము పట్టినవానిని రెండు ప్రయాణములందును గాలియే వెనుకనుండి నెట్టును. మా నేతచీరల వర్తకులకు ఈ సంగతి ఏ భూగోళ పుస్తకమును చదువకయే తెలియును.

బురద నాకు ఇష్టమని యెవరును తలంపరాదు. డెల్టా నేల నది తెచ్చిన ఒండ్రు. ఎండినపుడు రాయివలె నుండును. తడిసినపుడు జిగురువలె నుండును. శ్రావణమాసములో మట్టిగట్టుమీద సైకిలు త్రొక్కినవానికి తెలియును: చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ మట్టి పట్టి, చక్రము తిరుగుట మాని, కడకు మనుష్యుని మోయవలసిన సైకిలును మనుష్యుడే భుజమున మోయవలసివచ్చును. నేనట్లు మోసి బడికి ఆలస్యముగా పోయి బెంచీయెక్కిన దినములు కలవు. మట్టిబాటకును తారురోడ్డునకును నడిమిది గ్రావెలు బాట. మెట్టప్రాంతములనుండి తెచ్చిన ఎర్రని గ్రావెలును, నడుమ కొంచెము మిట్టగా, ఇరుప్రక్కలకు వాలుగా పరచి, నీరు చల్లి, రోలరుతో అణచినచో, వాననీరు నిలువక జారిపోవును, చక్రము దిగబడదు. దానిమీద పోవుటకు కొంచెము నేర్పు కావలెను. టైరులో గాలి మిక్కిలి బిగువుగా నుండరాదు. మలుపులో బ్రేకు గట్టిగా నొక్కరాదు. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. ఐరోపా, అమెరికా దేశములలో ఇటీవల ఇట్టి బాటలకై వెడల్పు టైర్లతో ప్రత్యేకముగా సైకిళ్లు చేసి అమ్ముచున్నారు. వానిలో లక్ష రూపాయలకు పైబడిన వెలగలవియు కలవు. మా పాలవాని సైకిలు ఆ పనినే యేండ్లతరబడి చేయుచున్నది, పైగా రెండు బిందెల పాలతో.

గ్రావెలునకు ఇంకొక గుణము కలదు. అది వేగమును ఓర్వదు. తారురోడ్డుమీద గంటకు అరువది కిలోమీటర్లు పోవు బండి గ్రావెలుమీద ముప్పదికి మించి పోవుటకు జంకును. వేగము రెట్టింపైనచో బండిలోని తాకిడిశక్తి నాలుగు రెట్లగునని మీరు పైతరగతులలో చదువుదురు. ఆ లెక్కను గట్టుమీద నడచిపోవు ముసలివానికి అన్వయించి చూడుడు.

ఇప్పుడు మా గ్రామసభ సంగతికి వచ్చెదను. నిరుడు వేసవిలో, కాలువలు కట్టివేసియున్న దినములలో, మా ఊరి కాలువకు రెండు గట్లమీదను తారురోడ్డు వేయవలెనను మాట వచ్చినది. పడమటి గట్టుమీద అప్పటికే రోడ్డున్నది. చేపలచెరువులు పెరిగినప్పటినుండి మేతలారీలు, ఐసులారీలు రాత్రింబవళ్లు దానిమీద తిరుగుచున్నవి. తూర్పుగట్టు ఇంకను మట్టిబాట. మా పిల్లలు ఉన్నతపాఠశాలకు నాలుగు కిలోమీటర్లు పోవలెను. నేను లేచి, తూర్పుగట్టును గ్రావెలుతో బాగుచేసి సైకిళ్లకు విడువవలసినదని చెప్పితిని. అప్పుడొక రైతు లేచి యిట్లనెను:

“మాస్టారూ, మీకు సైకిలు సరదా అండి. నాకు కళ్లంలో ధాన్యం. తుపాను ముంచుకొస్తుంటే ఆ బస్తాలు తూర్పు చేలోంచి మీ సైకిలు మీద తెస్తారా, చెప్పండి?”

సభ యంతయు నవ్వినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. 1996 నవంబరులో కోనసీమను ఊడ్చిపెట్టిన తుపానును చూచినవాడెవడును ఆ ప్రశ్నను తేలికగా తీసికొనలేడు. కోసిన పంట తడిసి మొలకెత్తినచో ఒక కుటుంబపు సంవత్సరపు శ్రమ పోవును. కావున నేను చెప్పునది ఇది: కోతల కాలమున ట్రాక్టరు ఆ గట్టుమీద తప్పక పోవలెను. అది యేడాదిలో కొలది వారముల పని. కొలది వారముల యక్కరకై మూడువందల దినములు లారీలకు దారి తెరచియుంచనేల? తాళము వేయదగిన ఒక అడ్డుకమ్మి చాలును. ఆ తాళపుచెవి పంచాయతీ కార్యాలయమున నుండవచ్చును.

నావంటివాని మాటకంటె కాలువ లస్కరు మాట సభలో ఎక్కువ పనిచేసినది. ముప్పదియేండ్లుగా ఆ గట్టును కాచుచున్నవాడతడు. “తూర్పుగట్టు ఒట్టి మట్టిగట్టండి,” అనెను. “లారీ ఎక్కితే పైకి ఏమీ కనపడదు. లోపల కదిలిపోద్ది. వానాకాలంలో నిండు కాలవకి అక్కడే నీరు ఊరుద్దండి. గండి పడితే రాత్రి పూట ఇసక బస్తాలు మోసేది లారీవోళ్లు కాదండి, మనవే.” గట్టు మొదట నీటిని ఆపుటకు; దారి యగుట దాని రెండవ పని. ఈ సంగతిని ఇంజనీర్లెరుగుదురు, మనమే మరచితిమి.

అటుపిమ్మట ఎనిమిదవ తరగతి చదువు నొక బాలిక, వాళ్ల అత్త వెనుకనుండి నెట్టగా, లేచి నిలిచినది. “పడమర గట్టు మీద లారీ వస్తే మేము సైకిలు దిగి పక్కకి నిలబడతామండి. ఒక పక్క లారీ, ఒక పక్క కాలవ. అందుకని మా అమ్మ ఆటోలో పంపుతుంది. ఆటో రాని రోజు నేను బడికి వెళ్లను.” అంతే చెప్పి కూర్చున్నది.

ఆ రెండు మాటల వెనుక నెంత యున్నదో బీహారు రాష్ట్రపు అనుభవము చెప్పును. అచ్చట 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుక్కొనుటకు రెండువేల రూపాయల చొప్పున నిచ్చు పథకము ప్రారంభించిరి. దాని ఫలితమును పరిశోధించి 2017లో ప్రకటించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, ఉన్నతపాఠశాలలో వయసునకు తగిన తరగతిలో చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినదనియు, బాలబాలికల నడుమనున్న అంతరము నూటికి 40 వంతులు తగ్గినదనియు కనుగొనిరి. పాఠశాల మూడు కిలోమీటర్లకు మించిన దూరముననున్న ఊళ్లలో మేలు మరింత ప్రస్ఫుటముగా కనబడినది. సైకిలు ఇచ్చుట మంచిదే. కాని సైకిలు నిచ్చి, దానిని త్రొక్కుటకు భయములేని దారి నీయనిచో, అది వసారాలో గోడకానుకొని తుప్పుపట్టును. మా ఊరిలో నేనట్టివి కొన్ని చూచితిని.

“ఎక్కడైనా ఇట్లు చేసినారా?” యని ప్రెసిడెంటుగారు నన్నడిగిరి. చేసినారు. స్పెయినుదేశమున కస్తియ కాలువ యను నొక కాలువ కలదు. దానిని 1753లో త్రవ్వ మొదలిడి, యుద్ధములవలనను ధనాభావమువలనను మాటిమాటికి నిలిపి, 1849లో ముగించిరి. అనగా మన ధవళేశ్వరపు పని సాగుచున్న దినములలోనే. దాని పొడవు 207 కిలోమీటర్లు, లాకులు 49. ఆ ప్రాంతపు గోధుమలను ఉత్తరపు ఓడరేవువైపు తరలించుటకై దానిని త్రవ్విరి. కాని కాలువ కొండలు దాటి సముద్రమును చేరనేలేదు. మన గట్లమీద మనుష్యులు లాగినట్లు అచ్చట కంచరగాడిదలు పడవలను లాగినవి. మనకు జరిగినదే వారికిని జరిగినది: రైలు వచ్చి పడవ వ్యాపారమును మ్రింగెను. 1959లో పడవలను పూర్తిగా నిలిపివేసిరి. నీరు మాత్రము నేటికిని పొలములకు పారుచున్నది. కంచరగాడిదలు నడచిన గట్టుబాటలను వారు పాడుచేయలేదు. నేడు వానివెంట జనులు నడచుచున్నారు, సైకిళ్లమీద సాగుచున్నారు. ఒక ప్రక్క నీరు, రెండవ ప్రక్క కనుచూపుమేర గోధుమచేలు, పాదములక్రింద మట్టియు గులకయు. గోధుమలకు బదులు వరి యనుకొన్నచో మన గట్టే.

అంతటితో ఆగక, రైళ్లు నిలిచిపోయిన పాత రైలుదారులను కూడ వారు 1993 నుండి ఇట్లే మార్చుచున్నారు. వానికి పచ్చని దారులని పేరు. నేడు అన్నియు కలిపి 3,000 కిలోమీటర్లకు మించియున్నవి. వానిలో నొకటి చిత్రమైనది. దక్షిణమున కొండలనడుమ 36 కిలోమీటర్ల దూరము, 30 సొరంగములతో, రైలుకై త్రవ్విరి. అంతర్యుద్ధము మొదలగు కారణములచే పని నిలిచెను. ఒక్క రైలును దానిమీద నడువలేదు. రైలు నోచని ఆ దారి సైకిలు నోచినది. రాబందులు గూళ్లుకట్టు కొండక్రిందుగా అది సాగును.

మనకును అట్టి పాతదారి యొకటి యుండెడిది. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన రైలుపట్టాలను, రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, ఇనుమునకై ఊడదీసికొనిపోయిరి. ఆరు దశాబ్దములు దాటిన పిమ్మట, 2004లో, మరల అచ్చట రైలు నడచినది. రైలు తిరిగివచ్చుట మంచిదే, దానినెవరును కాదనరు. రాజమహేంద్రవరములో 1997 తరువాత రైళ్లులేని పాత వంతెనను చూచినపుడు మాత్రము, గోదావరిమీద అటునుండి ఇటు సైకిలుమీద దాటవలెనని ఈ వయసునందును నాకు మనసగును.

అయినను స్పెయినువారికిని మనకును ఒక భేదమున్నది. అచ్చట ఆ బాటలమీద తిరుగువారిలో ఎక్కువమంది సెలవుదినములందు విహారమునకై వచ్చినవారు. సంచిలో రొట్టె పెట్టుకొని, ఒక పూట త్రొక్కి, సాయంకాలమునకు బసకు చేరుదురు. మన గట్టుమీది సైకిలువాడు బడికి పోవును, కూలికి పోవును, పాలు పోయుటకు పోవును. విహారమునకై వారు ఇంత శ్రద్ధ వహించినపుడు, నిత్యజీవనమునకై మనమెంత వహింపవలెను! విహారము కూడదని నా భావము కాదు. ఒక ఆదివారము నలుగురు స్నేహితులు కూడి, కడియము పూలతోటలవైపు పోవుడు. లేదా పి. గన్నవరము పోయి, కాలువయే వంతెనయెక్కి నదిని దాటు వింతను చూడుడు. మోటారులో పోయినవానికి కాలువ నదిమీదుగా పోవుచున్న సంగతి తెలియకముందే ఆ వంతెన దాటిపోవును. సైకిలు దిగి పిట్టగోడ కానుకొని చూచినవానికి పైనీరును క్రిందినీరును కనబడును.

సభలో అన్నిటికంటె నన్ను తికమక పెట్టిన ప్రశ్న చివర వచ్చినది. తూర్పుగట్టుమీద పన్నెండు గుడిసెలున్నవి. అందొక గుడిసెలోని వృద్ధురాలు, ఎవరును అడుగకయే, “అయితే మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారు బాబూ?” యనెను. నిజము చెప్పవలెనన్న, అంతసేపు మాటలాడిన నేను వారిని తలపనేలేదు. పుస్తకములు చదివి దూరదేశపు కాలువలగూర్చి మాటలాడువారికి ఇట్టి లోపము తరచుగా కలుగును. కాని ఆమె ప్రశ్నయే నా పక్షమున పెద్ద సాక్ష్యమైనది. లారీలు ఎదురెదురుగా తప్పుకొను రోడ్డు వేయవలెనన్నచో ఆ గుడిసెలు పోవలసినదే. సైకిలునకు నాలుగైదు అడుగుల వెడల్పు చాలును. ఎదురువచ్చువానికి ఇంకొక నాలుగడుగులు. ఆమె వాకిటిముందు ఇప్పుడున్న కాలిబాట కొంచెము బాగుపడినచో సరిపోవును. ఆమె గుంజను కూడ కదల్ప నక్కరలేదు. నేనీ మాట చెప్పగా ఆమె నమ్మినట్లు లేదు. రోడ్డుపేరు చెప్పి వచ్చినవారిని నమ్మి చెడిన అనుభవము ఆమెకు ముందే యుండవచ్చును.

చదువరులలో కొందరికి సందేహము కలుగవచ్చును: మంచి తారురోడ్డును వలదనుట అభివృద్ధిని వలదనుట కాదా? కాదు. మంచిరోడ్లు కావలెనని మొదట గట్టిగా కోరినవారిలో సైకిలువారే ముందున్నారు. 1888లో డన్లప్ గాలిటైరును తయారుచేసినప్పటికి ఊరివీథులలో మోటారుకారు దాదాపు లేదు. అమెరికాలో సైకిలుసంఘములవారు రోడ్లను బాగుచేయవలెనని ఊరూర తిరిగి ఆందోళన చేసిరి. బాగుపడిన రోడ్లమీదికి మోటారు తరువాత వచ్చి, రోడ్డు తనదేయని కూర్చున్నది. సైకిలును అంచునకు నెట్టినది. పడమటి గట్టును మోటారునకు విడిచితిమి. ఊరిమధ్య దారిని విడిచితిమి. సంతకు పోవు దారిని విడిచితిమి. నేనడుగునది ఒక గట్టు.

సభ తుదకు తూర్పుగట్టునకు గ్రావెలు పరచుటకు ఒప్పుకొనినది. నా వాదమువలన అని గొప్ప చెప్పుకొనను. తారుకంటె గ్రావెలునకు ఖర్చు తక్కువ యనునది గూడ నొక కారణము. కోతలకు ట్రాక్టర్లు పోవుటకు అడ్డుకమ్మి, మిగిలిన దినములలో లారీలు రాకుండుటకు గట్టు మొదట రెండు రాతిస్తంభములు నిర్ణయించిరి. గ్రావెలు పడినది. అడ్డుకమ్మి ఇంకను రాలేదు. స్తంభముల నడుమ ఎంత సందు విడువవలెనో తేలలేదు. సైకిలు దూరు సందులో మోటారుసైకిలును దూరును. మోటారుసైకిలు దూరని సందులో మా పాలవాని బిందెలు దూరవు. దీనిగూర్చి రెండు సాయంకాలములు రచ్చబండయొద్ద వాదము జరిగినది. పాలవాడు బిందెలతో సహా సైకిలును తెచ్చి, దారపుతాడుతో కొలత యిచ్చిపోయినాడు. కాలువకు నీరు వదలులోపున గోతులు త్రవ్వవలెనని లస్కరు తొందరపెట్టుచున్నాడు.

ప్రస్తుతము ఆ రెండు రాళ్లు గట్టుప్రక్కన అడ్డముగా పడియున్నవి. సాయంకాలము బడినుండి వచ్చు పిల్లలు వానిమీద కూర్చుండి, ఊడిన చెయినులు తగిలించుకొనుచున్నారు.